ఫరీదాబాద్‌లో అక్క ముక్క

ఢిల్లీ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి తణుకులో ప్రతివాళ్లూ ఎర్రకోట చూశావా అనే అడుగుతున్నారు. చూడలేదండి. కుతుబ్ మినార్ మాత్రం ఆటోలోంచి చెట్ల సందున కనిపించింది, అదేనా అని నేను అడిగేలోపు ఆటో మలుపు తిరిగిపోయింది. నెలకి పైగా అక్కడుండి నేను చూసినవల్లా ఒక మిలిటరీ క్వార్టరు, కొన్ని మెట్రో ప్లాట్‌ఫారాలు, కటవారియా సరాయ్‌లో ఒక అద్దె గది, ఫరీదాబాద్‌లో ఒక ల్యాబు బయట గోడకి బిగించిన తెర. ఆ తెర మీద మా అక్క ఒంట్లోంచి తీసిన ముక్కని చూశాను. ఎర్రకోట ఎవరైనా చూస్తారు. ఇలాంటిది చూసినవాళ్లు మన జిల్లాలో ఇంకెవరైనా ఉంటే ఒకసారి మా మెస్సుకి రమ్మనండి, భోజనం నాది.

ముందు మనుషుల్ని చెప్పాలి. నాకు తణుకు బస్టాండు వెనకాల భోజనాల మెస్సుంది. అక్క పేరు లక్ష్మి, నాకంటే ఆరేళ్లు పెద్ద, పాలకొల్లులో అంగన్‌వాడీ టీచరుగా చేసి మానేసింది. బావ పోయి చాలా కాలమైంది. రెండేళ్ల కిందట అక్కకి గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ అన్నారు. కరెంటు పెట్టారు, వారం వారం సెలైన్లో మందు ఎక్కించారు, తగ్గిందన్నారు. ఏడాది గడిచిందో లేదో మళ్లీ వచ్చింది. ఈసారి అక్క తెగేసి చెప్పింది. ఇంకొక్క కోర్సు వేయించుకుంటాను, పనిచేస్తే సరి, చెయ్యకపోతే ఇంకోటి వేయించుకోమని నా దగ్గరికి రావద్దు, నాకంత ఓపిక లేదు అంది. అక్క ఒక మాట అందంటే దాన్ని కదపడం బ్రహ్మతరం కూడా కాదు. అంచేత ఆ ఒక్క కోర్సులో ఏ మందు ఎక్కించాలన్నదే మా అందరి బెంగ. రాజమండ్రి డాక్టరు గారు మామూలుగా అందరికీ ఇచ్చేదే రాశారు. అది మొదట ఎక్కించినదానికి దగ్గర చుట్టమేనట.

అక్క అల్లుడు రాంబాబు ఆర్మీలో హవల్దారు, ఢిల్లీ కంటోన్మెంటులో ఉంటాడు. ఫరీదాబాద్‌లో ఒక ఆసుపత్రి ఉందని, వాళ్లు రోగి ఒంట్లోంచి చిన్న ముక్క తీసి, ల్యాబులో పళ్లెంలో పెంచి, మందులన్నీ ముందు దాని మీద వేసి చూసి, ఏది పనిచేస్తుందో చెబుతారని అతను ఎవరి దగ్గరో విన్నాడు. పరిశోధన కింద చేస్తారు కాబట్టి ఫీజు లేదు, గ్యారంటీ కూడా లేదు. సంక్రాంతి వెళ్లాక అక్కని తీసుకెళ్లి ముక్క ఇప్పించి దింపేసి వెళ్లాడు. నెల తిరిగాక ల్యాబు నుంచి రమ్మని కబురొచ్చింది. ఈసారి అక్క నన్ను పట్టుకుంది. అల్లుడి ముందు డాక్టర్లు ఆ ప్రశ్నలన్నీ అడుగుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, నువ్వు రాకపోతే నేనూ వెళ్లను అంది. మెస్సు వంటమనిషికి అప్పజెప్పి బయల్దేరాను.

రైల్లో

పులిహోర, పెరుగన్నం రెండో పూటకే అయిపోయాయి. ఆ తర్వాత రైలు వాళ్ల పప్పు, రొట్టె. ఆ పప్పు గురించి మెస్సు నడిపే మనిషిగా నేను మాట్లాడకపోవడమే మర్యాద. నాగపూర్ దగ్గర కమలాలు ఎక్కాయి, తొక్క తీస్తే పెట్టె అంతా వాసన. ఎదురు బెర్తులో గ్వాలియర్ మనిషి ఒకావిడ అక్క పొట్టి జుట్టు చూసి, తిరుపతి వెళ్లారా అని చేత్తో గుండు చూపించి అడిగింది. అక్క తలూపేసింది. నా హిందీ అంతా మధ్యాహ్నం సీరియళ్లలో నేర్చుకున్నది. అత్తని ఎలా బెదిరించాలో వచ్చు, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో అడగడం రాదు. కాబట్టి నేనూ తలూపాను.

ఒక్క సంగతి మాత్రం నాకు నచ్చలేదు. అక్క కాఫీ మనిషి. పొద్దున్నే కాఫీ పడకపోతే ఆ రోజు పక్కవాళ్లకి మంచిది కాదు. అలాంటిది దారి పొడుగునా ఎన్నిసార్లు కాఫీ వచ్చినా వద్దంది. వికారంగా ఉందేమో అనుకుని నేను అడగలేదు.

కంటోన్మెంటు

కంటోన్మెంటులో రోడ్డు పక్క ఇటుకలకి కూడా రంగు వేసి వరసలో నిలబెడతారు. ఆకులు రాలితే రాలిన చోట ఉండవు. మా తణుకు మునిసిపాలిటీ వాళ్లని ఒక వారం అక్కడ ఉంచి తీసుకురావాలనిపించింది. రాంబాబు క్వార్టరు రెండు గదులు, వెనక చిన్న పెరడు. అక్క కూతురు స్వాతి ఆ పెరట్లో గోంగూర వేసింది. పక్క క్వార్టర్లో శ్రీకాకుళం వాళ్లు, వాళ్ల పెరట్లో బచ్చలి, గోడ మీంచి ఇచ్చిపుచ్చుకుంటారు. కూరలమ్మే అబ్బాయి కొత్తిమీర, పచ్చిమిర్చి ఊరికే ఇస్తాడు గానీ కరివేపాకు కట్టకి పదిహేను అడిగాడు. నేను మన ఊళ్లో అయితే అని మొదలుపెట్టాను. మీ ఊళ్లోనే కొనుక్కోండి ఆంటీజీ అన్నాడు. బంగాళాదుంప మాత్రం మనకంటే చవక, అందుకే కాబోలు దేంట్లో పడితే దాంట్లో వేస్తారు.

మనవరాలు చిన్ని ఒకటో తరగతి. అమ్మమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు, ఇబ్బందంతా మధ్యలో వినే నాది.

ఆ సాయంత్రం రాంబాబు డ్యూటీ నుంచి వచ్చి, అత్తయ్య గారూ, టెన్షన్ లేదు, ల్యాబు వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు, ముక్క బ్రహ్మాండంగా పెరిగిందట, రేపు డాక్టరమ్మ మాట్లాడతారట అన్నాడు. పెరగకపోతే మందులు వేసి చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి అది శుభవార్తే. స్వాతి సేమ్యా పాయసం చేసింది. క్యాన్సర్ బాగా పెరిగిందని పాయసం వండుకున్న ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది. అక్క మాత్రం గిన్నె పక్కన పెట్టేసి పెరట్లోకి వెళ్లి నిలబడింది. నేను వెళ్లి ఏమిటే అంటే ఏం లేదంది.

దారి తప్పిన ప్లాట్‌ఫారం

మర్నాడు స్వాతికి చిన్ని బడిలో పని పడింది. రాంబాబు మమ్మల్ని మెట్రో స్టేషన్లో దింపి, ఎక్కడ దిగి ఏ రంగు గీత పట్టుకోవాలో మూడుసార్లు వల్లె వేయించాడు. మారాల్సిన చోట జనం, జనం అంటే మామూలు జనం కాదు. నేను లోపలికి దూరాను, వెనక్కి తిరిగేసరికి తలుపులు మూసుకున్నాయి. అక్క అద్దం అవతల ఉంది. అక్క ఫోను నా సంచిలో ఉంది. రెండు చేతులతో తలుపు బాదేశానండి, అబద్ధమెందుకు. పక్కనున్న అమ్మాయి, దీదీ, నెక్స్ట్ స్టేషన్లో దిగి వెనక్కి వెళ్లండి, ఆవిడ అక్కడే ఉంటారు అని నా భుజం పట్టుకుని చెప్పింది.

తిరిగి వచ్చేసరికి అక్క స్టీలు బల్ల మీద ఇద్దరు హర్యానా ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. ఇద్దరూ ముఖం మీదికి ముసుగు లాక్కున్నవాళ్లే. ఒకావిడ అక్క మణికట్టు పట్టుకుని ఉంది, వదిలితే పారిపోతుందన్నట్టు. నన్ను చూడగానే ఆవిడ అందుకుంది. ఆ తిట్లు అర్థం కావడానికి నా సీరియల్ హిందీ సరిపోయింది. పెద్దదాన్ని, ఒంట్లో బాగాలేనిదాన్ని వదిలేసి ఎలా ఎక్కావు, కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు అని. నేను చేతులు కట్టుకుని అన్నీ పడ్డాను. రైలెక్కాక అక్క చెప్పింది, ఆవిడ కోడలికి నెలలు నిండాయట, చూడ్డానికి వెళుతున్నారట. నీకెలా తెలుసే అంటే, చేతులతో చెప్పారు, నేనూ చెప్పాను అంది. ఏం చెప్పావంటే తన పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూపించింది. మా మేనత్తకి కూడా ఏడాది పాటు చెప్పని సంగతి అది.

ఫరీదాబాద్

ఫరీదాబాద్ అంటే ఫ్యాక్టరీలు, వాటి వెనక సెక్టార్లు, వాటికి నంబర్లు. ఊళ్లకి పేర్లు పెట్టుకునే మనకి కాస్త చిరాకే. ఆసుపత్రి పెద్దదేమీ కాదు. డాక్టరమ్మ హర్యానా మనిషి, నలభై దాటి ఉంటుంది, అక్కని మాతాజీ అని పిలిచింది. ఏదో ఆశ్రమంలో కూర్చున్నట్టుందే అని అక్క నా చెవిలో గొణిగింది. ల్యాబు నుంచి వచ్చిన అమ్మాయి మాత్రం తెలుగమ్మాయి. పేరు సౌజన్య, కరీంనగర్ వైపు, ఈ ల్యాబులోనే పీహెచ్‌డీ చేస్తోంది. అక్క ముక్కని పెంచిన మనిషి ఈ పిల్లే. డాక్టరమ్మ హిందీలో చెబితే ఈ అమ్మాయి తెలుగులో చెప్పింది.

ల్యాబు లోపలికి మనల్ని రానివ్వరు. బయట గోడ మీద తెర ఉంది, లోపల మైక్రోస్కోపు కింద పళ్లెం పెడితే ఇక్కడ కనిపిస్తుంది. ముక్కని సన్నగా తరిగి, ఒక జిగురులో కలుపుతారట. ఆ జిగురు చల్లగా ఉంటే నీళ్లలా ఉంటుంది, వెచ్చబడితే జున్నులా గట్టిపడుతుంది. దాన్ని పళ్లెంలో గుంటలు గుంటలుగా చుక్కలు పెట్టి, మీద గులాబి రంగు నీళ్లు పోస్తారు, అదే మేత. మన ఒంటి వేడి ఎంతో అంత వేడి ఉండే పెట్టెలో ఉంచుతారు. కొన్నాళ్లకి ఒక్కో కణం చిన్న ఉండ కడుతుంది. వాటిని ఆర్గనాయిడ్లు అంటారు. తెర మీద చూస్తే ఉడికిన సగ్గుబియ్యంలా ఉన్నాయి, గుండ్రంగా, తేటగా. నిజం చెప్పాలంటే అందంగా ఉన్నాయి.

అప్పుడు డాక్టరమ్మ గొంతు తగ్గించి చెప్పింది. ఇవి క్యాన్సర్ కణాలు కావు. ఆ ముక్కలో పక్కనున్న మంచి కణాలు కూడా కొన్ని వచ్చాయి, పళ్లెంలో అవి పుంజుకుని పెరిగాయి, జబ్బువి వెనకబడి చచ్చిపోయాయి. ఒక్కోసారి ఇలా అవుతుందట. అక్క జబ్బుకి మూలమైన వైరస్ జాడ ఈ ఉండల్లో ఉందేమోనని పరీక్షిస్తే ఎక్కడా లేదు, ఆ ఫలితం ఆ పొద్దున్నే వచ్చింది. వీటి మీద మందులు వేసి ప్రయోజనం లేదు. ఇప్పుడు రెండు దారులు. ఇంటికెళ్లి మామూలు మందు మొదలుపెట్టడం, లేదా ఇంకో ముక్క ఇచ్చి కొన్ని వారాలు ఆగడం. ఆగిన ఆ వారాల్లో ఒంట్లో ఉన్నది కూడా ఆగి కూర్చోదు, అది మీరు ఆలోచించుకోవాలి అంది. ఇటు మొగ్గమని గానీ అటు మొగ్గమని గానీ అనలేదు.

అక్కని చూద్దును కదా, నవ్వుతోంది.

బయట క్యాంటీన్లో కూర్చోబెట్టి, నీకు మతి గానీ పోయిందా అన్నాను. అప్పుడు బయటపెట్టింది. ముక్క ఇచ్చి వచ్చిన దగ్గర్నుంచి చిన్న తిరుపతి వెంకన్నకి మొక్కుకుంటోందట, అక్కడ ఢిల్లీలో ఉన్న నా ముక్కలో చెడ్డది ఎండిపోవాలి, మంచిది బతకాలి అని. అలా అయ్యేదాకా కాఫీ ముట్టనని వదిలేసిందట. ముక్క బాగా పెరిగిందని అల్లుడు చెప్పిన సాయంత్రం, ఆయన నా మాట వినలేదని పెరట్లోకి వెళ్లి ఏడ్చిందట. పళ్లెంలోది పెరిగితేనే మనకి పని అని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అంత చదువుకున్న వాళ్లమంతా తలా ఒకటీ చెప్పాం గానీ, ఏమని కోరుకోవాలో మాత్రం చెప్పలేదు.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను, పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. మొక్కు తీరింది కదే, ఇక తాగు అని కాఫీ తెప్పించాను. మిషన్ కాఫీ, ఇరవై ఐదు రూపాయలు, సగం నురగ. అక్క కళ్లు మూసుకుని తాగింది. ఇంత చెడ్డ కాఫీ ఇంత బాగుంటుందని అనుకోలేదే అంది.

రెండో ముక్క

ఇంటికొచ్చాక రాంబాబు, స్వాతి ఒకటే తర్జనభర్జన. ఆగితే ముదిరిపోతుందేమోనని స్వాతి ఏడుపు. ఇన్నాళ్లు ఆగాం, ఇంకొంచెం ఆగితే అన్నాడు రాంబాబు, మళ్లీ తనే ఏమో అన్నాడు. అక్క పప్పు గుత్తితో ఆకుకూర మెదుపుతూ అంతా విని, అల్లుడితో ఒకే మాట అంది.

"చేతిలో తూటా ఒక్కటే ఉన్నప్పుడు గురి చూసుకునే కదా కాలుస్తారు, బాబూ."

రాంబాబు పొద్దున్నే ఫరీదాబాద్‌కి ఫోన్ చేశాడు.

ముక్క ఇచ్చే ముందు రోజు నేను అక్కతో, ఇప్పుడు మొక్కు మార్చుకో, ఈసారి చెడ్డది బతకాలని అడుగు అన్నాను. నేనడగను అంది. చెడ్డది చల్లగా ఉండాలని ఆయన్ని ఏ ముఖం పెట్టుకుని అడగమంటావు, నువ్వడుగు, నీకు సిగ్గూ శరం లేవు కదా అంది. అదీ నిజమే. రాంబాబు స్కూటరు మీద ధౌలా కువాన్ మీదుగా మన దక్షిణాది గుడికి తీసుకెళ్లాడు. దేవస్థానం వాళ్ల సాయంతో పెట్టిన కాలేజీ అదిగో అని దారిలో చూపించాడు. మన వెంకన్న సొమ్ము ఇంత దూరం వచ్చి పిల్లలకి చదువు చెబుతోందని కాస్త గర్వపడ్డాను. పూజారి గారు తమిళాయన. అర్చనకి గోత్రం, నక్షత్రం, పేరు అడిగారు, అక్కవి చెప్పాను. ఏమైనా కోరికా అన్నారు. నోటిదాకా వచ్చింది గానీ అనలేకపోయాను. ఆయన మామూలుగా ఆయురారోగ్య అభివృద్ధి అంటూ చదువుకుంటూ పోయారు. ఆరోగ్యం ఆవిడకి, అభివృద్ధి పళ్లెంలో దానికి, మీరే సర్దుకోండి స్వామీ అని దండం పెట్టుకుని వచ్చేశాను.

ముక్క తియ్యడం పెద్ద పనేం కాదని చెబుతారు. తీసేవాళ్లకి కాదు. ఈసారి పక్కనున్న మంచివి రాకుండా ఇంకా లోతుగా తీశారు. అక్క పంటి బిగువున పడుకుని, నా చెయ్యి నలిపేసి, డాక్టరమ్మతో తెలుగులోనే, బాగా చెడ్డది చూసి తియ్యండి అంది. సౌజన్య ఐసు పెట్టె తనే పట్టుకుని ల్యాబుకి దాదాపు పరిగెత్తింది. ఆ వారమంతా అక్కకి రక్తం కనబడుతూనే ఉంది. నేను గుడిలో అడిగింది తప్పేమోనని నాకు భయం వేసింది, చాలా భయం వేసింది.

హోలీ అప్పుడే వచ్చింది. మన దగ్గర హోలీ అంటే కాలేజీ పిల్లలు నలుగురు ముఖాలు పూసుకోవడం. అక్కడ కంటోన్మెంటంతా మేజర్ గార్ల దగ్గర్నుంచి రంగుల్లోనే. చిన్ని వచ్చి అమ్మమ్మ పొట్టి జుట్టంతా గులాబి రంగు పులిమేసింది. మూడు రోజులు పోలేదు. అక్క అద్దంలో చూసుకుని, సౌజన్య మేతలో ముంచినట్టున్నాను అంది.

కటవారియా సరాయ్

సౌజన్య ఏం తింటోందో అడిగితే మోమోలు, మ్యాగీ అంది. అది విన్నాక మెస్సు నడిపే మనిషికి నిద్ర పడుతుందా. ఒక ఆదివారం చేపల పులుసు, గోంగూర పచ్చడి, అన్నం కట్టుకుని స్వాతితో వెళ్లాను. అక్కకి మెట్లెక్కే ఓపిక లేక రాలేదు. మినార్ కనిపించి మాయమైంది ఆ దారిలోనే.

కటవారియా సరాయ్ అంటే సందులు, సందుల మీద సందులు. ప్రతి గోడ మీదా కోచింగ్ బోర్డులు, ప్రతి మలుపులో జిరాక్సు కొట్టు, పైన గదుల్లో పరీక్షలకి చదివే పిల్లలు. ఎదురెదురు బాల్కనీలు ఎంత దగ్గరంటే ఇటు కూర తాలింపు వేస్తే అటు తుమ్ముతారు. సౌజన్య అక్కడ ఇద్దరు స్నేహితురాళ్లతో గది పంచుకుంటుంది. ఫరీదాబాద్‌లో ఒక్కదాన్నే ఉండలేక రోజూ అంత దూరం తిరుగుతున్న అంది. గది అద్దె చెప్పింది. ఆ అద్దెకి మా ఊళ్లో పెరడున్న ఇల్లొస్తుంది, కొబ్బరిచెట్టుతో సహా.

పులుసు కలుపుకుంటూ, ఇప్పుడే ఫరీదాబాద్ నుంచి వచ్చిన, ఆంటీ, అంది సౌజన్య. ఆదివారం కూడా ఏమిటమ్మా అంటే, మేత మార్చాలె, వాటికి ఆదివారం తెలవదు కదా అంది. పాలు తోడు పెట్టాక మర్చిపోతే పులిసిపోయినట్టే, ఇదీ పూట తప్పితే పాడవుతుందట. నేను అడగనా వద్దా అని పచ్చడి వడ్డిస్తూ కూర్చున్నాను. తనే చెప్పింది.

"పెరుగుతున్నయ్ ఆంటీ. ఈసారి అవే. వైరస్ కూడా దొరికింది."

చెప్తే నవ్వుతారు, నాకు పట్టలేని సంతోషం వచ్చింది. మరుక్షణం దేని కోసం సంతోషిస్తున్నానో గుర్తొచ్చి ఏడుపొచ్చింది. కంచం ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. స్వాతి కూడా ఏడ్చింది. సౌజన్య ఏడవలేదు. తింటూ తింటూ ఆగి, పోయినేడు ఒకామెవి ఇట్లనే మంచిగ పెరిగినయ్, మందులు వేసి చూసి రిపోర్టు ఇచ్చేసరికి ఆమె లేదు అంది. అందుకే ఈసారి తొందర చేస్తున్న అంది. ఆ పిల్లకి ఇరవై ఏడేళ్లు ఉంటాయేమో. నేను ఇంకో చేప ముక్క వేశాను, అంతకన్నా నాకేం చేతవుతుంది.

మళ్లీ ఫరీదాబాద్

ఈసారి అందరం వెళ్లాం, రాంబాబు సెలవు పెట్టాడు. తెర మీద అక్క జబ్బుని చూశాం. సగ్గుబియ్యంలా లేవు. లోపల కిక్కిరిసిపోయి, నల్లగా, గడ్డలు గడ్డలుగా ఉన్నాయి. వాటి మీద మనసు పడేలా ఏం లేవు. అక్క కళ్లార్పకుండా చూసింది.

ఆరు మందులు వేసి చూశారట. ఒక్కో గుంట చూపిస్తూ వచ్చారు. మొదట ఎక్కించిన జాతి మందు వేసిన గుంట ముందు చూపించారు, ఏమీ వెయ్యని గుంటకీ దానికీ తేడా లేదు. రాజమండ్రిలో రాసింది వేసిన గుంట, అదీ అంతే. స్వాతి నా చెయ్యి పట్టుకుంది. మూడోది, నాలుగోది, ఐదోది, కొద్దిగా కుంచించుకున్నాయంతే. ఆరోది జెమ్‌సిటబిన్ అని ఎప్పటినుంచో ఉన్న మందే. ఆ గుంటలో సగానికి పైగా పగిలిపోయి, పిండి రాలినట్టు పడి ఉన్నాయి.

డాక్టరమ్మ మాట దాచలేదు. పళ్లెంలో పనిచెయ్యనిది ఒంట్లో పనిచేస్తుందన్న ఆశ తక్కువ. పళ్లెంలో పనిచేసింది ఒంట్లోనూ చేస్తుందని మాత్రం నేను చెప్పలేను, మాతాజీ, చెయ్యొచ్చు అని చెప్పగలను అంది. ఇది నయం చేసే మందు కూడా కాదు, దొరికినంత కాలం దొరికినట్టు అంది. సౌజన్య అదంతా ఒక్క మాటా తగ్గించకుండా తెలుగులో చెప్పింది.

అక్క ఆరో గుంటని ఇంకోసారి పెట్టమని చూసింది. అదే ఎక్కించండి అంది.

లేవబోతుంటే సౌజన్య ఇంకోటి అడిగింది. మిగిలిన కణాల్ని చలిలో గడ్డకట్టించి దాచుకుంటాం, ముందు ముందు వచ్చే మందులు వీటి మీద వేసి చూస్తాం, మీకిష్టమైతేనే అంది. అక్క అడిగింది, నేను పోయాక కూడా అది బతికే ఉంటుందా అని. ఉంటదమ్మా అంది సౌజన్య. అక్క కొంగు సర్దుకుని, సరే, ఉంచండి అంది. పదిమంది ఆడవాళ్లకి మేలు జరుగుతుందని ఒప్పుకుందని నేను అనుకున్నాను. రైల్లో తోటివాళ్లకి కూడా అలాగే చెప్పుకుంటూ వచ్చాను, మా అక్క మనసు ఎంత గొప్పదో చూడండి అని. అక్క కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, అవునని గానీ కాదని గానీ అనలేదు.

తణుకు

మందు రాజమండ్రిలోనే ఎక్కిస్తున్నారు. దానికి ఢిల్లీ దాకా ఎందుకు వెళ్లారని కొందరు అడుగుతున్నారు, వాళ్లకి ఇదంతా మొదట్నుంచీ చెప్పాల్సి వస్తోంది. ఎక్కించిన రెండు రోజులు జ్వరం, నీరసం, తిండి సయించదు. జుట్టు మాత్రం ఈసారి ఊడలేదు. అక్కని నా దగ్గరే పెట్టుకున్నాను. మొన్న స్కాన్ తీశారు. పెరగలేదు, ఒకచోట కాస్త తగ్గింది కూడా అన్నారు డాక్టరు గారు. కోర్సు ఇంకా సగం ఉంది. తర్వాత సంగతి తర్వాత.

సౌజన్య అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. మొన్న చేసినప్పుడు నేను స్కాన్ సంగతి చెబుతున్నాను, అక్క మంచం మీంచి లేచి వచ్చి ఫోను లాక్కుంది. ఎలా ఉన్నావు, తిన్నావా అన్న మర్యాదలేం లేవు.

"చచ్చిందా అది?"

"ఇంకా లేదమ్మా. దాచినదాని మీద కొత్త మందొకటి వేసి చూస్తున్నం."

"నా ఒంట్లో ఉండి అది నన్ను పెట్టని బాధ లేదు. దాన్నొదలకు. ఇది కాకపోతే ఇంకోటెయ్యి."